పరిశోధకవిద్యార్థి వేతనము భిక్షయా?

ఒకనాడు మన యూళ్లలో బీదవిద్యార్థులు వారములు చేసికొని చదువుకొనెడివారు. సోమవారము ఒకరి యింట, మంగళవారము వేరొకరి యింట భోజనము. రాత్రి వీధియరుగుమీదనో దేవాలయ మండపములోనో నిద్ర. అట్లు చదివి పెద్దవారైనవారు ఎందరో కలరు. వారికి అన్నము పెట్టిన యిల్లాండ్రకు మనము చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని ఆ యన్నములో ఒక చేదు గలదని వారములు చేసిన ప్రతివాడును ఎరుగును. గృహిణికి జబ్బుచేసిన నాడు పస్తు. యజమానికి కోపము వచ్చిన నాడు పస్తు. ఇంట శుభకార్యమైన నాడు వంటవాని కరుణ. వడ్డించువారి ముఖము చూచి విస్తరిముందు కూర్చుండవలసిన బ్రదుకది.

ఆ కాలము గతించినదని మనము సంతోషించుచున్నాము. నేను ఈ వ్యాసమున చెప్పబూనినది ఒక్కటే: అది పూర్తిగా గతింపలేదు. విద్యాసోపానమున పైమెట్టున నిలిచినవాడు, డాక్టరేటు పట్టమునకై పరిశోధన చేయుచున్న విద్యార్థి, మన దేశమున నేటికిని పలుచోట్ల వారముల చదువే చదువుచున్నాడు. పెట్టువారు మారిరి, పెట్టు రీతి మారలేదు.

మన యిండ్లలో ఈ సంగతి ఇట్లు తలయెత్తును. ఎం.ఏ.యో ఎం.ఎస్‌సి.యో ముగించిన కుమారుడు పరిశోధనలో చేరెదనని చెప్పును. తండ్రి మొదట సంతోషించును, పిమ్మట మెల్లగా "ఎన్నేండ్లు నాయనా?" అని అడుగును. "అయిదారేండ్లు" అని జవాబు. "అంతవరకు?" అని తండ్రి మరల అడుగును. ఈ "అంతవరకు" అను నొక్కమాటమీదనే మన దేశపు పరిశోధన యంతయు నిలిచియున్నది. పొలమో పింఛనో గల యింట ఆ ప్రశ్నకు జవాబు దొరకును. కూలినాలి చేసికొను నింట దొరకదు. అప్పుడు పరిశోధకు డెవడగునో నిర్ణయించునది పిల్లవాని తెలివి గాదు, తండ్రి యాస్తి.

ఈ ప్రశ్నకు ప్రభుత్వము జవాబు చెప్పలేదా యని చదువరులు అడుగవచ్చును. చెప్పినది; కాని కొందరికే చెప్పినది. పరిశోధకులకు వచ్చు ధనము రెండు విధములు. అర్హత చూచి, వేరుపని యేదియు నిర్బంధింపక, పరిశోధనకే యిచ్చునది ఫెలోషిప్పు. పాఠములు చెప్పుట, ప్రయోగశాలలో తోడ్పడుట మొదలగు పని చేయించుకొని యిచ్చునది అసిస్టెంటుషిప్పు. మన దేశమున ఫెలోషిప్పులలో ప్రసిద్ధమైనది నెట్ పరీక్షలో పైవరుసలో నిలిచినవారికి లభించు జె.ఆర్.ఎఫ్. 2014 నుండి అది నెలకు 25,000 రూపాయలు. 2019 నుండి 31,000. 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు 37,000, పిమ్మట 42,000. హాస్టలు లేనివారికి ఇంటి అద్దె వేరుగా ఇత్తురు. ఐ.ఐ.టి.లవంటి సంస్థలలో అసిస్టెంటుషిప్పు కలదు. దానికై విద్యార్థి వారమునకు ఎనిమిది గంటలవరకు బోధనకు తోడ్పడవలెను. 2018 లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫెలోషిప్పు 70,000 రూపాయలతో మొదలై 80,000 వరకు పోవునట్లు నిర్ణయింపబడినది. ఈ మెట్టువరకు చూచినచో మన దేశము పరిశోధకులను బాగుగనే యాదరించుచున్నదని తోచును.

ఇక దిగువ మెట్టు చూతము. నెట్ ఫెలోషిప్పు లేక కేంద్ర విశ్వవిద్యాలయములలో పి.హెచ్.డి. చేయువారికి 2015 నాటికి ఇచ్చుచున్నది నెలకు 8,000 రూపాయలు. అనగా దినమునకు 270 రూపాయలు లేవు. ఆ సంవత్సరము అక్టోబరులో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ఆ కొంచెమును గూడ నిలిపివేయ నిశ్చయించెను. విద్యార్థులు ఢిల్లీలో ఆ సంఘ కార్యాలయముముందు రాత్రింబవళ్లు కూర్చుండిన తరువాతనే అది నిలిచినది. 2023 లో జె.ఆర్.ఎఫ్. 37,000 అయినప్పుడు ఈ 8,000 మాత్రము పెరుగలేదు. ఒకే విభాగమున, ఒకే గురువువద్ద, ఒకే ప్రయోగశాలలో పనిచేయు ఇద్దరిలో ఒకనికి వచ్చునది రెండవవానికి వచ్చుదానికి నాలుగు రెట్లకు మించినది! ఇద్దరును ఒక్క బల్లవద్దనే యుందురు. గొట్టములు కడుగుటయు, లెక్కలు వ్రాయుటయు ఇద్దరికిని సమానమే.

అంతకన్న దిగువన రాష్ట్ర విశ్వవిద్యాలయములు. మన తెలుగుపిల్లలలో అధికులు చదువునవి ఇవియే. 8,000 రూపాయల ఆ పథకము వానికి వర్తింపనే వర్తింపదు. నెట్ ఫెలోషిప్పుగాని, కులము, మతము, వైకల్యము మొదలగువానినిబట్టి ఏర్పరచిన ఫెలోషిప్పుగాని, గురువు తెచ్చిన ప్రాజెక్టుగాని లేనివానికి అక్కడ నెల తిరిగిన చేతికి వచ్చునది శూన్యము. పైగా 2024 నుండి నెట్ పరీక్షలో క్రొత్త యేర్పాటు వచ్చినది. ఫెలోషిప్పునకు చాలినన్ని మార్కులు రాని కొందరిని పి.హెచ్.డి. ప్రవేశమునకు మాత్రము అర్హులని ప్రకటించుచున్నారు. తలుపు తెరచితిరి, మంచిదే. లోపల విస్తరి వేయుట మరచితిరి. ఆకలిగొన్నవానికి భోజనశాల ద్వారము చూపి "నీవు ప్రవేశార్హుడవు" అని పత్రమిచ్చి పంపుటకును దీనికిని భేదమేమి?

ఇచ్చటనే పూర్వపక్షులు లేచెదరు. "చదువు తన లాభమునకే గదా, డాక్టరు పట్టము వచ్చినపిమ్మట ఉద్యోగమును గౌరవమును అనుభవించువాడు తానే గదా, అట్టివానికి ప్రజల పన్నుసొమ్ము ఏల?" అని వారి మొదటి యాక్షేపణ. పరిశోధకుడు చేయు పని యేమో వీరు ఒక్కదినము పోయి చూచిన బాగుండును. డిగ్రీ విద్యార్థుల ప్రయోగశాల నడపునది పలుచోట్ల అతడే. పరీక్షా కాగితములు దిద్దునది అతడే. గురువు పేర పొందిన ప్రాజెక్టు పని చేయునది అతడే. విశ్వవిద్యాలయము తన కీర్తికై లెక్కపెట్టుకొను వ్యాసములలో చేతివ్రాత అతనిదే. ఇదంతయు పనియా కాదా? పని యైనచో దానికి కూలి యుండవలెను. కూలి యిచ్చునప్పుడు "నీకు దయ చూపితిమి" అనుట ధర్మము కాదు. రైతు నాట్లు వేసిన కూలికి డబ్బిచ్చి "దానము చేసితిని" అని చెప్పుకొనునా?

రెండవ యాక్షేపణ మరింత మధురముగ నుండును: "కష్టములే మనుష్యుని గొప్పవానిని చేయును, మహానుభావులందరు పేదరికమున చదివినవారే." ఈ మాట చెప్పువారు ముందుగా రామానుజము పేరెత్తుదురు. ఎత్తనిండు. శ్రీనివాస రామానుజము 1912 లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమస్తా. అతని గణితమును పట్టము లేదని త్రోసివేయక, నిబంధనలను సడలించి, మద్రాసు విశ్వవిద్యాలయము 1913 లో నెలకు 75 రూపాయల పరిశోధకవేతన మిచ్చినది. మూడు నెలలకొకమారు తన పని నివేదింపవలె ననుటయే షరతు. గుమాస్తాగిరి విడిచి లెక్కలలో మునుగుటకు అతనికి తీరిక నిచ్చినది ఆ 75 రూపాయలే. మరుసటి సంవత్సరము కేంబ్రిడ్జికి పోవుటకు గూడ ఆ విశ్వవిద్యాలయమే సంవత్సరమునకు 250 పౌనులిచ్చినది. రామానుజుని ఆకలి లోకమునకు గణితము నీయలేదు. ఆకలి తీరిన దినములు ఇచ్చినవి. అతనివలె ఆకలితోనే యణగిపోయినవారి పేరులు మనకు తెలియవు. తెలియవు గనుకనే "కష్టములు మేలు" అని సులభముగ పలుకుచున్నాము.

మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. 1923 లో అతడు అమెరికా చేరుటకు తోడ్పడినవి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు, మామగారి సాయమును. బోస్టను చేరినపిమ్మట చదువు సాగించుటకు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసెను. 1930 లో హార్వర్డునందు పి.హెచ్.డి. పట్టము పొందెను. తరువాత అతడు నడిపిన పరిశోధనలనుండి పుట్టిన మందులు నేటికిని ఎందరి ప్రాణములనో నిలుపుచున్నవి. అతడు మలమూత్రపాత్రలు కడిగి చదివెనని మనము గర్వింతుము. ఆ రాత్రులు ప్రయోగశాలలో గడచియుండిన లోకమునకు ఇంకెంత లాభము కలిగెడిదో యని యెన్నడైన ఆలోచించితిమా? ఓర్చినవానిని పొగడుట సులభము. ఓర్పు అక్కరలేకుండ చేయుట మన పని.

మూడవ చరిత్ర వేతనము నడుమ తెగినచో నేమగునో చూపును. భీమరావు అంబేద్కరు 1913 లో బరోడా మహారాజు శయాజీరావు గాయక్వాడు ఇచ్చిన విద్యార్థివేతనముతో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయెను. అటనుండి లండను చేరి చదువుచుండగా వేతనపు గడువు ముగిసినది. 1917 లో చదువు సగములో విడిచి తిరిగి రావలసివచ్చెను. మరల లండను పోవుటకు 1920 వరకు పట్టినది; అదియు తాను కూడబెట్టినదియు మిత్రుల సాయమును చేర్చుకొని పోయెను. 1923 లో డి.ఎస్‌సి. పట్టము వచ్చినది. అంతటి ధీరుడు గనుక మరల పోగలిగెను. సామాన్యుడైనచో ఆ చదువు అక్కడనే సమాధియగును.

ఇది నూరేండ్లనాటి మాట యని తలపవలదు. ఫెలోషిప్పు మంజూరైనవానికి గూడ అది నెలనెలకు చేతికి అందునను నమ్మకము లేదు. ధ్రువపత్రము గురువు సంతకమునకు, అక్కడినుండి విభాగాధ్యక్షుని సంతకమునకు, అక్కడినుండి కార్యాలయమునకు, అక్కడినుండి ఢిల్లీకి పోవలెను. నడుమ ఎక్కడ నిలిచినను విద్యార్థి పొయ్యి ఆరును. 2016 జనవరి 17 న హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆత్మహత్య చేసికొనిన పరిశోధకవిద్యార్థి వేముల రోహిత్ వ్రాసిన కడపటి లేఖలో, తనకు ఏడు నెలల ఫెలోషిప్పు, ఒక లక్ష డెబ్బదియైదువేల రూపాయలు, రావలసియున్నదనియు, అది తన కుటుంబమునకు చేరునట్లు చూడవలసినదనియు గలదు. ఆ మరణమునకు గల కారణములనుగూర్చి దేశమంతయు వాదించినది. ఈ యొక్క వాక్యమునుగూర్చి వాద మక్కరలేదు. చనిపోబోవు యువకుడు బాకీ లెక్క వ్రాసిపోవలసివచ్చిన దేశము తన విద్యాలయములను జూచి తలవంచుకొనవలెను.

"ప్రతిభకే వేతనము, అందరికి నిచ్చినచో సోమరులు చేరుదురు" అనునది మూడవ యాక్షేపణ. ప్రతిభను పరీక్షింపుడు, వలదనువా రెవరు? ప్రవేశమునకు ముందే కఠినముగ పరీక్షింపుడు. ఏటేట పని చూడుడు. పని చేయనివానిని పంపివేయుడు. కాని చేర్చుకొనినవానిని పస్తుపెట్టుట పరీక్ష కాదు. పస్తు సోమరిని పంపదు, పేదవానిని పంపును. ఆస్తిగల సోమరి సుఖముగ నిలిచియుండును.

"ధనము లేదు" అనునది నాలుగవ మాట. 2022 డిసెంబరులో, అల్పసంఖ్యాక వర్గముల పరిశోధకులకై 2009 లో ఏర్పడిన మౌలానా ఆజాదు ఫెలోషిప్పును నిలిపివేసినట్లు ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. అది ఇతర పథకములతో కలగలిసిపోవుచున్నదని చెప్పిన కారణము. ఒకే మనుష్యునికి రెండు వేతనములు అందుచున్నచో ఒకదానిని ఆపుట సులభము. దానికై పథకమునే ఆపనేల? ధనము లేదనువారు మరియొక సంగతియు చెప్పవలెను. కేంద్రోద్యోగులకు ధరలనుబట్టి ఏటికి రెండుమారులు కరవుభత్యము సవరింపబడును. అది న్యాయమే. పరిశోధకుడు బియ్యము కొను అంగడి వేరా? అతని వేతనము నాలుగైదేండ్లకొకమారు, అదియు వీధికెక్కి కేకలు వేసినపిమ్మట, పెరుగుట యేమి?

ఇక మన పిల్లలు వేలకొలదిగ పోవుచున్న అమెరికా సంగతి. అక్కడ మాస్టర్సు చదువునకు లక్షలకొలది రూపాయలు అప్పుచేసి పోవుట మన యిండ్లలో సామాన్యమైనది. కాని డాక్టరేటు చదువునకు, ముఖ్యముగ విజ్ఞానశాస్త్రములలో, మంచి విశ్వవిద్యాలయములు తామే ఫీజు విడిచిపెట్టి, జీవనమునకు వేతనమును ఇచ్చును. తరగతులకు తోడ్పడినందుకు ఇచ్చునది బోధక అసిస్టెంటుషిప్పు. ఆచార్యుని గ్రాంటునుండి ఇచ్చునది పరిశోధక అసిస్టెంటుషిప్పు. విద్యార్థి వీసామీద పోయినవాడు చదువు జరుగు దినములలో వారమునకు ఇరువది గంటలకు మించి పనిచేయరాదు. 1952 నుండి ఆ దేశపు జాతీయ విజ్ఞాన సంస్థ ఇచ్చుచున్న ఫెలోషిప్పు ఆ దేశపౌరులకును అక్కడ శాశ్వతనివాసపు హక్కు గలవారికిని మాత్రమే. వీసామీద పోయిన మన పిల్లలకు అందదు. కనుక వారికి అసిస్టెంటుషిప్పే ఆధారము.

ఆ పద్ధతిలో మనము నేర్వదగినది కలదు: పనికి ప్రతిఫలమని స్పష్టముగ ఒప్పందము వ్రాయుదురు. మనము భయపడదగినదియు కలదు: గ్రాంటు ఎండినచో జీవనము ఎండును, ఆచార్యుని యనుగ్రహము తప్పినచో చదువు మాత్రమే కాదు, ఆ దేశమున నిలుచు హక్కే కదలును. 2025 లో అక్కడి ప్రభుత్వము పరిశోధన గ్రాంట్లను తగ్గింపబూనినప్పుడు కొన్ని విశ్వవిద్యాలయములు డాక్టరేటు ప్రవేశములను తగ్గించినవి. ఇచ్చిన ప్రవేశములను వెనుకకు తీసికొనినదియు గలదు. కావున అమెరికా కల్పవృక్షమని పిల్లలకు చెప్పవలదు. అక్కడివారును ఊరక పొందలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు బోధక అసిస్టెంట్లు 1970 లోనే సంఘముగ నిలిచి ఒప్పందము సాధించిరి. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సుమారు 48,000 మంది అసిస్టెంట్లును పరిశోధకులును సమ్మె చేసి వేతనములు పెంచుకొనిరి. స్వీడను, నెదర్లాండ్సు దేశములలో డాక్టరేటు విద్యార్థి చాలమట్టుకు ఉద్యోగిగనే లెక్క; జీతము, సెలవు, భద్రత అతనికి హక్కులు. అక్కడ విద్య చెడిపోలేదు.

ఈ విషయమున స్త్రీల సంగతి వేరుగ చెప్పక తప్పదు. పరిశోధన చేయు వయస్సును, మన యిండ్లలో పెండ్లిమాట వచ్చు వయస్సును ఒక్కటే. కుమారునికి "అంతవరకు?" అను ప్రశ్న, కుమార్తెకు "ఇంక చాలదా?" అను ప్రశ్న. తన నెలజీతము తాను తెచ్చుకొను కన్య మాటకు ఇంట బలము కలుగును; తండ్రిని చేయిచాపి అడుగవలసినదాని చదువు మొదట వచ్చిన సంబంధముతోనే తెగును. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘపు 2016, 2022 నిబంధనలు పి.హెచ్.డి. చేయు స్త్రీకి ప్రసవమునకును శిశుపోషణకును 240 దినములవరకు సెలవును, గడువులో రెండేండ్ల సడలింపును ఇచ్చినవి. ఇది మెచ్చదగిన సంస్కరణము. అయితే వేతనమే లేని స్త్రీకి ఈ సెలవు కాగితముమీది సెలవే. పసిబిడ్డను ఎత్తుకొని, వేతనము లేక, రెండేండ్లు అధికముగ చదువుమనుట వరము కాదు.

కావున మనము కోరవలసినవి స్పష్టముగ చెప్పెదను. పి.హెచ్.డి.లో చేర్చుకొనిన ప్రతి పూర్తికాలిక విద్యార్థికి బ్రదుకుటకు చాలిన వేతనము. ఇయ్యలేని విశ్వవిద్యాలయము ఇయ్యగలిగినంతమందినే చేర్చుకొనవలెను. ఆ వేతనము నెల మొదటివారముననే, గురువు సంతకమునకు కాచుకొనక, చేరవలెను. పని సరిగా లేదను ఫిర్యాదును సంఘము విచారింపవలెను గాని ఆకలి విచారింపరాదు. ధరలతో కూడ అది తనంతట పెరుగవలెను. పాఠము చెప్పించుకొనిన గంటలకు లెక్కయుండవలెను. నడుమ ఆపు హక్కు ప్రభుత్వమునకు ఉండరాదు. మొదలుపెట్టిన విద్యార్థి ముగించువరకు మాట నిలుపవలెను.

ఇంటి పెద్దలకు ఒక మాట. బిడ్డ పరిశోధనలో చేరెదననినప్పుడు "ఎందుకు?" అని అడుగకుడు. "ఎన్ని రూపాయలు, ఎన్ని నెలలకొకమారు, ఎన్నేండ్లు, ఎవరి సంతకముతో?" అని అడుగుడు. అమెరికాకు పోవువానిని "ఫీజు విడుతురా, ఎన్నేండ్లవరకు వ్రాసి యిచ్చిరి, ఆచార్యుని గ్రాంటు ముగిసినచో విభాగము ఆదుకొనునా?" అని అడుగుడు. జవాబు వ్రాతమూలముగ తెప్పించుకొనుడు. ఇంటింట ఈ ప్రశ్న లేచిననాడు విశ్వవిద్యాలయములు జవాబు వెదకుకొనును. బిడ్డ వేతనమునకై ధర్నాలో కూర్చున్నాడని తెలిసిననాడు సిగ్గుపడకుడు; కూలి అడుగుట సిగ్గుపని కాదు, కూలి ఎగగొట్టుట సిగ్గుపని.

వారములిచ్చిన తల్లుల ఋణము మనమీద ఇంకను గలదు. వారి విస్తరులలో తిని పెద్దవారైనవారి మనుమలము, మునిమనుమలము మనము. మరియొక విద్యార్థికి వారము ఇచ్చుటతో ఆ ఋణము తీరదు. వారము అడుగవలసిన యవసరమే ఏ విద్యార్థికిని లేకుండ చేసిననాడు తీరును.